అంట్ల దగ్గర గొడవ గురించి మేనల్లుడికి

నాన్నా,

ఆశీస్సులు. మొన్న ఆదివారం రాత్రి నీ ఫోన్ వచ్చాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతానని ఈ ఉత్తరం రాస్తున్నాను. కోడలు తోమి బోర్లించిన గిన్నెల్ని మీ అమ్మ ఒక్కొక్కటే తీసి వాసన చూసి, నాలుగైదు మళ్ళీ సింకులో వేసిందన్నావు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా గదిలోకి వెళ్ళిపోయిందనీ, అన్నం కూడా తినలేదనీ, మధ్యలో మీ నాన్న వచ్చి "ముందు ఆ కుళాయి కట్టండి" అని అరిచాడనీ చెప్పావు. చివర్లో "అత్తయ్యా, ఇంతకీ ఎవరిది రైటు?" అని అడిగావు.

దానికి జవాబు చెప్పేముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి.

మీ అమ్మ మా ఇంటికి కోడలుగా వచ్చింది 1978లో. తెనాలి పక్క మా ఊళ్ళో అప్పటికి ఇళ్ళలో కుళాయిలు లేవు. పెరట్లో నుయ్యి, నూతి పక్కన అంట్లు తోముకునే చప్టా, చప్టా చివర కుడితి తొట్టి. మీ అమ్మ పుట్టిల్లు గుంటూరు. వాళ్ళింట్లో కుళాయి ఉండేది, అంట్లు సబ్బుపొడితో తోమేవాళ్ళు. మా ఇంట్లో ఊకపొయ్యి బూడిద జల్లించి డబ్బాలో పోసి ఉంచేవాళ్ళం, తోమడానికి కొబ్బరి పీచు. వచ్చిన నాలుగైదు రోజులకే అనుకుంటాను, మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సబ్బుపొడితో గిన్నెలన్నీ తళతళలాడేట్టు తోమింది. కంచాలు తొలిచిన నీళ్ళు అందరం తొట్టిలో పోయడం చూసింది కదా, తనూ ఆ సబ్బునీళ్ళు అందులోనే పోసింది. సాయంత్రం గేదె మూతి పెట్టి, ఒక్క గుక్క కూడా తాగకుండా తల తిప్పేసుకుంది.

మీ నాయనమ్మ ఏమీ విడమరిచి చెప్పలేదు. తోమిన గిన్నెలన్నీ తెచ్చి మళ్ళీ చప్టా మీద వేసి, పక్కన బూడిద డబ్బా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, చీకటి పడేదాకా కూర్చుని అవన్నీ మళ్ళీ తోమింది. నేనప్పుడు పదో తరగతి. వసారాలో పుస్తకం పట్టుకుని చూస్తూనే ఉన్నాను. లేచి వెళ్ళి, "వదినా, సబ్బు పడితే గేదె తాగదు, అందుకే అమ్మకి కోపం, నువ్వు తోమడంలో తప్పేమీ లేదు" అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది నా తప్పు, ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాగుండదు.

ఆ రోజు నుంచి మీ అమ్మకి తోమిన గిన్నె వాసన చూడటం అలవాటైంది, ఎక్కడైనా సబ్బు వాసన మిగిలిందేమోనని. హైదరాబాదులో నాలుగో అంతస్తులో గేదె లేదు, కుడితి తొట్టి లేదు. అయినా ఆవిడ చెయ్యి గిన్నెని ముక్కు దగ్గరికి తీసుకెళ్తూనే ఉంది. మొన్న నువ్వు చూసింది అదే.

అందుకని నేను చెప్పదలుచుకున్నది ఇదిరా. మీ ఇంట్లో అంట్ల గురించి ఎవరు ఏ నియమం చెప్పినా, అది ఎందుకు పుట్టిందో అడగండి, అడిగినవాళ్ళకి ఓపికగా చెప్పండి. ఆ కారణం మీ వంటింట్లో ఇంకా బతికే ఉంటే నియమాన్ని పాటించండి. గేదెతోపాటు పోయిన కారణమైతే నియమాన్నీ వదిలేయండి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆడపిల్లలకి హోమ్‌సైన్స్ చెప్పినదాన్ని కాబట్టి ఏది బతికుందో ఏది పోయిందో నాకు తెలిసినంతలో రాస్తాను.

పాలగిన్నె ముందు చన్నీళ్ళతో తొలవాలని మీ అమ్మ, అన్నిటికీ గీజరు నీళ్ళే మంచివని కోడలు. పాలగిన్నె దగ్గర, గుడ్డు వండిన గిన్నె దగ్గర మీ అమ్మ మాట వినండి. పాలల్లో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు వేడికి గట్టిపడి గిన్నెకి అతుక్కుంటాయి. చన్నీళ్ళు పోసి కాసేపు ఉంచితే చాలావరకు వదులుతాయి, ఆ తర్వాతే సబ్బు. అదే నెయ్యి గిన్నె, వేపుడు మూకుడు, పూరీలు వేయించిన బాణలి అయితే కోడలు చెప్పిందే చెయ్యాలి. పేరుకున్న నెయ్యి చన్నీళ్ళకి వదలదు. పీచుకి పట్టుకుని దాని తర్వాత తోమిన ప్రతి గిన్నెకీ అంటుకుంటుంది. ముందు పాత కాగితంతో జిడ్డంతా తుడిచి కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి, అప్పుడు వేడినీళ్ళు పోయండి. నూనె మరీ ఎక్కువుంటే గుప్పెడు శనగపిండి చల్లి రుద్దితే అది పీల్చేస్తుంది. చేప వండిన గిన్నెకి నీచు వాసన సబ్బుతో ఒక పట్టాన పోదు. ఆ వాసన క్షారపు గుణం ఉన్నది, పులుపు తగిలితే విరుగుతుంది. వాడేసిన నిమ్మచెక్క చాలు.

బూడిద గురించి మీ అమ్మ ఇంకా గొప్పగా చెప్తుంది. అందులో నిజముంది. బూడిదలోని క్షారం జిడ్డుతో కలిసి కొంతవరకు సబ్బులాగే పనిచేస్తుంది. పైగా ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే, అందుకే గిన్నెని గీకి మరీ శుభ్రం చేస్తుంది. కానీ మీ ఇంట్లో ఉన్నవి ఎక్కువగా స్టీలు, నాన్‌స్టిక్, రెండు మూడు సత్తు, అంటే అల్యూమినియం గిన్నెలు. నాన్‌స్టిక్‌కి గీకేది ఏదీ పనికిరాదు. సత్తుకి బూడిదే కాదు, వంటసోడా కూడా తగలనివ్వొద్దు, క్షారం తగిలితే నల్లబడుతుంది. ఇప్పటికే నల్లబడి ఉంటే చింతపండు పిసికిన నీళ్ళు అందులో పోసి కాసేపు మరిగించండి, తెల్లబడుతుంది.

ఇక ఆ ఇత్తడి గంగాళం. కోడలు లిక్విడ్ పోసి గంటసేపు తోమినా మెరవలేదని మీ అమ్మ ఎత్తిపొడిచిందట. ఆ అమ్మాయి రెక్కలు విరిగేలా తోమినా మెరవదు. అక్కడ ఉన్నది జిడ్డు అయితేగా! గాలి తగిలి ఇత్తడి మీద పట్టిన పొర అది, దాన్ని కరిగించడానికి పులుపు కావాలి. చింతపండు, ఉప్పు కలిపి రుద్ది, బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంచేస్తే మర్నాటికి మచ్చలు పడతాయి. లోపల కళాయి పూత (తగరపు పూత) పోయి ఉంటే మాత్రం అందులో పులుసూ మజ్జిగా పెట్టొద్దు, చిలుము పడుతుంది.

మరి గిన్నె శుభ్రమైందో లేదో ఎవరు తేల్చాలి? ఒకరు వాసన చూస్తారు, ఒకరు వేలితో రాస్తారు, ఒకరు వెలుతురుకి పెట్టి చూస్తారు. నా క్లాసులో పిల్లలకి నేను నేర్పిన పరీక్ష ఒకటుంది. కడిగిన స్టీలు గిన్నె మీద ఒకసారి నీళ్ళు పోసి వంచండి. నీళ్ళు పలచని పొరలా పరుచుకుని జారితే జిడ్డు పోయినట్టే. పూసలు పూసలుగా విడిపోయి నిలబడితే ఇంకా ఉన్నట్టు. స్టీలుకీ గాజుకీ ఇది బాగా పనిచేస్తుంది. నాన్‌స్టిక్ మీదా, నూనె పట్టించి ఉంచే ఇనప పెనం మీదా నీళ్ళు ఎప్పుడూ పూసలే కడతాయి, వాటిని వదిలేయండి. ఈ పరీక్ష మీ అమ్మకీ కోడలికీ ఇద్దరికీ ఒకేసారి చూపించు. ఇద్దరూ ఒకే గిన్నె మీద ఒకే సంగతి చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కోడలు లిక్విడ్ నేరుగా స్పాంజి మీద పోస్తుందనీ, తర్వాత జిగట మిగులుతోందనీ మీ అమ్మ చెప్పింది కూడా కొట్టిపారేయొద్దు. నురగ ఎక్కువైతే బాగా శుభ్రమవుతుందనుకుంటాం కానీ నురగ మురికిని వదిలించదు, అది వదలడానికి ఎక్కువ నీళ్ళు మాత్రం తాగుతుంది. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి ఒక చెంచా లిక్విడ్ కలిపి, అందులో ముంచుకుంటూ తోమితే చాలు. అప్పుడు మీ నాన్న గొడవ కూడా కొంత తీరుతుంది.

మీ నాన్న అరుపు వెనక ఏముందో నేను చూశాను. ఎండాకాలం మా నుయ్యి అడుగంటితే కావిడి భుజాన వేసుకుని కాలవ నుంచి నీళ్ళు మోసింది ఆయనే. ధారగా పోతున్న కుళాయి చూస్తే ఆయన ప్రాణం నిలవదు. ఆ కారణం ఇంకా బతికే ఉంది. వేసవిలో మీ అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్లు తెప్పించుకుంటున్నామని నువ్వే చెప్పావు. ఒకసారి కొలిచి చూడండి. పదిహేను లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండిందనుకో, నిమిషానికి ఏడున్నర లీటర్లు. ఇరవై నిమిషాలు కుళాయి తిప్పి ఉంచి తోమితే నూట యాభై లీటర్లు. కట్టేసి తోమి, చివర్లో అన్నీ ఒకేసారి కడిగితే అందులో మూడో వంతు కూడా అవదు. ఈ లెక్క కోడలికి అరుపుగా కాకుండా లెక్కగా అందితే ఆ అమ్మాయే కుళాయి కట్టేస్తుంది.

ఎంగిలి సంగతి సున్నితమైనది. ఎంగిలి కంచాలూ వంటగిన్నెలూ ఒకే సింకులో కలపకూడదని మీ అమ్మ పట్టుదల. కోడలికి అది చాదస్తంలా కనపడుతోంది. సబ్బుతో తోమాక తేడా ఏముంటుందన్న ఆ అమ్మాయి మాటా నిజమే. కానీ దీనికయ్యే ఖర్చు ఒక ప్లాస్టిక్ టబ్బు. కంచాల్లో మిగిలింది చెత్తబుట్టలోకి తోసి, ఒకసారి తొలిచి ఆ టబ్బులో వేసుకుని, వంటగిన్నెలయ్యాక విడిగా తోముకోండి. సింకు గొట్టంలో మెతుకులు ఇరుక్కోవు, మీ అమ్మకి మనశ్శాంతి. నలభై ఏళ్ళకి పైగా మోసిన అలవాటుని టబ్బు అంత చోటుతో గౌరవించగలిగినప్పుడు వాదనెందుకు?

రాత్రి అంట్లు ఉంచితే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆవిడ అంటుంది. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చిన పిల్లని ఆ మాటతో నిలబెట్టొద్దని నేనే వదినకి చెప్తాను. బొద్దింకలు రాకుండా చూసుకోవడం మాత్రం అవసరం. తోమే ఓపిక లేకపోతే ఎంగిలి తీసేసి, తొలిచి పెట్టుకోండి.

స్పాంజి మాత్రం మీ ఇంట్లో ముగ్గురూ నిర్లక్ష్యం చేస్తున్నారు. నేను పోయినసారి వచ్చినప్పుడు చూశాను, నల్లబడి, సింకు మూలలో నీళ్ళలో నానుతోంది. 2017లో జర్మనీలో ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాడిన వంటింటి స్పాంజిలని పరీక్షించి, వాటిలో సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉన్నాయని తేల్చారు. తోమడం అయ్యాక పిండి, ఆరేట్టు తగిలించండి, వారానికొకటి మార్చండి. స్టీలు పీచు పోగులు ఊడుతుంటే ఆ రోజే పారేయండి, అన్నంలో పడితే ప్రమాదం. కుక్కర్ మూత తోమాక విజిల్ పెట్టే గొట్టంలోంచి వెలుతురు కనపడుతోందో లేదో చూడటం ఎవరూ మర్చిపోవద్దు. అందులో మెతుకు ఇరుక్కుంటే జరిగేది చిన్న విషయం కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఒక ఎత్తు. ఒకరు తోమి బోర్లించిన గిన్నెని వాళ్ళ కళ్ళముందే ఇంకొకరు మళ్ళీ సింకులో వెయ్యొద్దు. గిన్నెకి మరక ఉంటే పక్కన పెట్టండి, మర్నాడు తోమేటప్పుడు చూపించి చెప్పండి. మొన్న కోడలు అన్నం తినకపోవడానికి కారణం జిడ్డు గురించి మాట పడటం కాదని నాకు తెలుసు. అలా మళ్ళీ వేసిన గిన్నెల ముందు కూర్చున్న మనిషి మొహం నేను ఒకసారి చూశాను.

ఇంకోటి నాన్నా, నువ్వు నొచ్చుకున్నా చెప్పాలి. ఇంత గొడవ జరుగుతుంటే నువ్వు హాల్లో ఉన్నావు. ఎవరిది రైటు అని అడిగావే తప్ప, నువ్వు ఎలా తోముతావో నాకు చెప్పలేదు. రేపటి నుంచి నెలరోజులు రాత్రి అంట్లు నువ్వు తోము. మీ అమ్మ వచ్చి చేతిలోంచి గిన్నె లాక్కుంటుంది, ఇవ్వొద్దు. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అమ్మా, ఇది ఎందుకలా?" అని ఒక్కొక్కటే అడుగు. ఆవిడకి చెప్పాలనే ఉంటుంది, ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు. కోడలిని కూడా అక్కడే ఉండమను.

సంక్రాంతికి వస్తున్నాను. కొబ్బరి పీచు, కొత్త చింతపండు తెస్తాను, గంగాళం అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, నేనూ వదినా కూర్చుని తోముకుంటాం. కుడితి తొట్టి సంగతి కోడలికి చదివి వినిపించు. మీ అమ్మకి మాత్రం వినిపించొద్దు. ఆ రోజు వసారాలోంచి లేచి వెళ్ళి చెప్పాల్సిన మాట ఇంకా బాకీ ఉంది, అది నేనే వచ్చి ఆవిడతో చెప్తాను.

నీ మేనత్త