విమ్ ఎడిటర్ షార్ట్‌కట్‌లు గుర్తుండటం లేదు, ఎలా నేర్చుకోవాలి?

బట్టీ పట్టకండి, అవి చిన్న వాక్యాలు. డి అంటే తీసెయ్, సి అంటే తీసేసి కొత్తది రాయి, డబ్ల్యూ అంటే పదం. డి, డబ్ల్యూ వరసగా నొక్కితే కర్సర్ నుంచి తర్వాతి పదం మొదలయ్యేదాకా పోతుంది.

మా వైజాగ్ ఆఫీసులో కొత్తవాళ్లకి నేను చూపించేది ఒక్కటే. బస్సు రూట్ల ఫైల్లో డబుల్ కోట్స్ మధ్య "గాజువాక" అని ఉంది, "మధురవాడ" కావాలి. కర్సర్ లోపల పెట్టి సి, ఐ (అంటే లోపల), డబుల్ కోట్ నొక్కండి. గాజువాక మాయం, ఇన్సర్ట్ మోడ్, అంటే కొట్టింది టెక్స్ట్‌గా పడే మోడ్ వచ్చేస్తుంది. మధురవాడ అని కొట్టి ఎస్కేప్ నొక్కితే మళ్లీ కమాండ్ల మోడ్. ఇంకో లైన్లోనూ అదే మార్పు కావాలా? అక్కడ కోట్స్ లోపలికి వెళ్లి చుక్క నొక్కండి, అంతే.

అన్నట్టు, తెలుగు టైప్ చేశాక కీబోర్డుని ఇంగ్లీషుకి మార్చకపోతే కమాండ్లు పనిచేయవు. ఇది తెలియక నేనూ జుట్టు పీక్కున్నాను.

బాణం కీలకి బదులు హెచ్, జే, కే, ఎల్ ఎందుకంటే, 1976లో ప్రోగ్రామర్ బిల్ జాయ్ విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ని రాసిన టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు ఆ అక్షరాల మీదే ఉండేవి. మొదట్లో బాణం కీలే వాడినా తప్పేం లేదు.

మీ కంప్యూటర్లో కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోలో విమ్‌ట్యూటర్ (vimtutor) అని కొడితే అరగంట పాఠం తెరుచుకుంటుంది. వారం రోజులు రోజుకోసారి చేయండి.