సమాధానం: షిమోనాద నుంచి తిరుగు ప్రయాణానికి చార్జీ చెల్లించే విధానం

జపాన్‌లోని ఎహిమె ప్రాంతంలో సముద్రతీరాన, సిబ్బంది ఎవరూ ఉండని షిమోనాద స్టేషన్‌లో రైలెక్కి మత్సుయామా నగరానికి తిరిగి వచ్చేటప్పుడు చార్జీ ఎవరికి చెల్లించాలని మీరు అడిగారు. రైలు పెట్టె వెనుక తలుపు గుండా ఎక్కగానే పక్కనున్న చిన్న యంత్రం నుంచి అంకె ముద్రించిన చీటీ తీసుకోండి; డ్రైవరు తలకు పైగా అమర్చిన బోర్డులో ఆ అంకె కింద కనిపించే మొత్తమే మీ చార్జీ. మత్సుయామాలో సిబ్బంది ఉంటారు కనుక, గేటు దగ్గర చీటీ చూపి అక్కడే చెల్లించవచ్చు. వెళ్లేటప్పుడు మత్సుయామాలో టికెట్ కొని, ముందు తలుపు నుంచి దిగుతూ డ్రైవరు పక్కనున్న చార్జీల పెట్టెలో దాన్ని వేస్తే సరిపోతుంది. జపాన్ రైళ్లలో చార్జీ చెల్లించేందుకు వాడే సుయికా కార్డు షిమోనాదలో పనిచేయదు. చిల్లర వెంట ఉంచుకోండి. అసలు పొరపాటు జరిగేది మరోచోట: 1986 నుంచి ఎక్స్‌ప్రెస్‌లు తీరానికి దూరంగా, ఉచికో మీదుగా వెళ్తున్నాయి, షిమోనాద వైపు రావు, కాబట్టి ఇయో-నాగహామా మీదుగా సముద్రతీరం వెంట వెళ్లే లోకల్ రైలునే ఎక్కండి.