కోడి గుండెకాయల సలాడ్: ఒక్కడివే ఉన్నా ఇద్దరికి వండు

తమ్ముడూ,

దేశం మారి మూడు నెలలైందని, దుకాణంలో కోడి గుండెకాయల పొట్లం చౌకగా కనిపిస్తే తెచ్చుకున్నానని, వాటితో కడుపు నిండే సలాడ్ ఎలా చేసుకోవాలో చెప్పమని రాశావు. తప్పకుండా చెబుతాను. కానీ ఉత్తరం చివర నువ్వు రాసిన ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: "ఒక్కడినే కదా, ఎలా ఉన్నా తినేస్తాను." 22 ఏళ్ల క్రితం నేనూ సరిగ్గా ఇదే అనుకున్నాను. ఆ ఆలోచనతో ఎన్ని సాయంత్రాలు పాడు చేసుకున్నానో నాకు తెలుసు.

నా మొదటి పొట్లం అరకిలో. గుండెకాయ ఒక్కొక్కటి పది గ్రాములైనా తూగదు కాబట్టి అందులో యాభైకి పైనే ఉంటాయి. అన్నిటినీ కుళాయి కింద పెట్టి గట్టిగా కడిగాను. పచ్చి కోడిమాంసాన్ని అలా కడిగితే ఆ తుంపర్లతో పాటు సూక్ష్మక్రిములు తొట్టె చుట్టూ, గిన్నెల మీద పడతాయని అప్పుడు తెలియదు. తర్వాత తడి తడిగానే పెనంలో గుమ్మరించి మూత పెట్టాను. కందనకాయలు ముప్పావు గంటైనా ఉడికితే గాని మెత్తబడవని తెలుసు, గుండెకాయలూ ఆ జాతివే అనుకున్నాను. పావుగంట తర్వాత తీసి చూస్తే రబ్బరు ముక్కలు. అయినా పారేయలేదు. పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని ఐదు రోజులు తిన్నాను. వండినది ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. ఆ సంగతి చెప్పడానికి పక్కన మనిషి లేదు. పరాయి దేశం వచ్చి నాలుగు నెలలైనా నా ఇంట్లో రెండో కుర్చీ మీద బట్టలు తప్ప మనిషి కూర్చోలేదు.

రెండోసారి మంట బాగా పెంచాను. నూనె మాడి, పొగ పసిగట్టే అలారం మోగింది. ఎదురింటావిడ పరుగున వచ్చి కిటికీ తెరిచి, తువ్వాలుతో పొగ విసిరి, పెనంలోకి చూసి, ఏమీ అనకుండా సగం గుండెకాయలు తీసి పళ్లెంలో పెట్టింది. పెనం ఇరుకైతే మాంసంలోంచి నీరు ఊరి, వేగాల్సినది ఉడుకుతుంది. మిగిలినవి నాలుగు నిమిషాల్లో గోధుమరంగుకు తిరిగాయి. తర్వాత ఆవిడ ఆ కుర్చీ మీది బట్టలు మంచం మీదికి చేర్చి కూర్చుంది. ఇప్పుడు నేను నీకు చెప్పే పద్ధతి ఆ రాత్రి మొదలైనదే, ఇన్నేళ్లలో దాన్ని నేను బాగానే పదును పెట్టుకున్నాను.

గుండె నిరంతరం పనిచేసే కండరం. అందుకే దాని రంగు ముదురు, రుచి గాఢం, ఇనుము, బి12 విటమిన్ పుష్కలం. అలాంటి కండరాన్ని పెద్ద మంట మీద చప్పున వేయించాలి, లేదా సన్నని సెగ మీద చాలాసేపు ఉడకనివ్వాలి. నేను చేసిన పావుగంట వంట రెండిటికీ మధ్యన చిక్కుకుంది. సలాడ్‌కు మొదటిదే మేలు.

ఇద్దరికి పావుకిలో చాలు. పైన ఉండే కొవ్వు, నరాల్లాంటి గొట్టాలు కోసేసి, నిలువునా చీల్చి, లోపల గడ్డకట్టిన రక్తం ఉంటే కత్తి మొనతో తీసెయ్యి. కాగితపు తువ్వాలుతో తడి లేకుండా అద్దు. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఎంత మంట పెట్టినా ప్రయోజనం ఉండదు. ఉప్పు, మిరియాలు పట్టించి అరగంట ఉంచు. ఈలోగా రెండు బంగాళాదుంపలు, రెండు గుడ్లు ఉడికించు, ఒక కప్పు ఉడికిన శనగలు సిద్ధం చేసుకో. సలాడ్ కడుపు నింపేది వీటి వల్లనే, వట్టి ఆకులతో ఆకలి తీరదు. సగం ఉల్లిపాయను సన్నగా తరిగి వెనిగర్‌లో నానబెడితే ఘాటు తగ్గుతుంది. లెట్యూస్ ఆకులు, దోసకాయ ముక్కలు పెద్ద గిన్నెలో వేసి ఉంచు.

అడుగు మందంగా ఉన్న పెనం బాగా కాగాక చెంచాడు నూనె వేసి, కోసిన వైపు కిందికి ఉండేలా ఒకే వరసలో పరుచు. రెండు నిమిషాలు కదపకు. తిప్పి మరో రెండు మూడు నిమిషాలు. రంగు చూసి ఉడికిందని తేల్చుకోవద్దు, ఈ మాంసం సహజంగానే ముదురు ఎరుపు. మాంసపు ఉష్ణమాపకం (థర్మామీటర్) కొనుక్కో, అన్నిటికన్నా లావు ముక్కలో 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. తీసి పక్కన పెట్టి, మంట తగ్గించి, అదే పెనంలో ఉల్లిపాయ నానిన వెనిగర్ పోసి, అంటుకున్న మడ్డిని చెక్క గరిటెతో గీకు. అసలు రుచి ఆ మడ్డిలోనే ఉంది. పొయ్యి ఆపి, వెనిగర్‌కు మూడింతలు ఆలివ్ నూనె, కొంచెం ఆవముద్ద (మస్టర్డ్) కలిపితే చాలు. దీన్ని ముందు దుంపల మీద, శనగల మీద పోసెయ్యి, అవి పీల్చుకుంటాయి. గుడ్లు, గుండెకాయలతో పాటు ఆకుల్లో చివర కలుపు. నేను అంతా ఒకేసారి వేడి వేడిగా పోసి ఆకులను గుడ్డ పీలికలు చేసిన రోజులున్నాయి.

ఇక్కడే నా అసలు మాట ఉంది. ఈ సలాడ్ ఆగదు. పది నిమిషాలు దాటితే గుండెకాయలు చల్లబడి బిగుసుకుంటాయి, ఆకులు వాడిపోతాయి. రేపటికి దాచుకుని ఒంటరిగా మెక్కే వంట కాదిది. నీలాంటి కొత్తవాళ్లు ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడుతూ తింటే సరిపోతుందనుకుంటారు. నేనూ ఏడాది పాటు అలాగే తిన్నాను. ఫోను పెట్టేశాక ఇంకా బరువుగా ఉండేది.

మిగిలిన పచ్చి గుండెకాయలను తెచ్చిన రోజే పావుకిలో చొప్పున సంచుల్లో పలచగా పరిచి గడ్డకట్టించు. ఫ్రిజ్‌లో అయితే ఒకటి రెండు రోజులే, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నెలలు బాగుంటాయి. వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చు, గట్టు మీద వదిలేయకు. యూరిక్ ఆమ్లం సమస్య ఉన్నవాళ్లు వీటికి దూరంగా ఉండాలి. అద్దె ఇంట్లో పొగ అలారం నిబంధనలు ఏ దేశానికి ఆ దేశంవే, అధికారిక వెబ్‌సైట్లలో చూసుకో. అలారం బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తీయకు.

ఈ శనివారం పక్కింటివాళ్లనో, ఆఫీసులో నీలాగే ఒంటరిగా భోంచేసే మనిషినో పిలువు. గుండెకాయలు తింటారో లేదో ముందే అడుగు, అలవాటు లేనివాళ్లు చాలామంది ఉంటారు. వచ్చే లోపలే వేయించేద్దామని తొందరపడకు. కుర్చీ ఖాళీ చేసి, దుంపలు ఉడికించి, ఆకులు కడిగి ఉంచు. ఆ మనిషి వచ్చి కూర్చున్నాక పెనం పొయ్యి మీద పెట్టు.