రెండో పాట మళ్ళీ విను

అమ్మాయీ,

మెక్సికో రాక్ బ్యాండ్ కఫే తకూబా 1994 ఆల్బమ్ 'రె' మీద నీ వ్యాసం అందింది. మొదటిసారి బస్సులో చదివాను, బాగానే ఉందనిపించింది. రాత్రి ఇంట్లో ఆ ఆల్బమ్ పెట్టుకుని మళ్ళీ చదివాను. అప్పుడు అనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మెక్సికో బ్యాండ్ గురించి తెలుగులో ఎవరు చదువుతారని మీ అమ్మగారు అడిగారని చివర్లో రాశావు. నేను రెండుసార్లు చదివానని చెప్పు.

ముందుగా లెక్క. నాలుగు పేజీల్లో 'మధురమైన' ఐదుసార్లు వచ్చింది, 'అద్భుతమైన' ఆరుసార్లు. 'వినసొంపైన' రెండేసార్లు కాబట్టి వదిలేస్తున్నాను. ఆ వాక్యాల్లో పాట పేరు తీసేసి మరే పాట పేరు పెట్టినా చక్కగా అతుకుతాయి. కఫే తకూబా వాళ్ళ 'రె'లో ఇరవై పాటలున్నాయి, సుమారు గంటసేపు సాగుతాయి. ఒకటి సరిహద్దు పల్లెల అకార్డియన్ పాట, ఒకటి బొలేరో అనే నెమ్మది ప్రేమపాట, ఒకటి చెవులు పగిలే మెటల్, ఇంకొకటి పెళ్ళి ఊరేగింపులా బూరల మోత. ఒక్క గంటలో ఇన్ని వేషాలు కట్టిన ఆల్బమ్ గురించి రాస్తూ అన్నిటికీ ఒకే విశేషణం తొడిగితే ఎలా?

ఇప్పుడు రెండో పాట, 'లా ఇంగ్రాతా'. దాని గురించి నువ్వు రాసింది ఇది: "కాళ్ళు ఆగనివ్వని సరదా పాట, మన తీన్మార్ గుర్తుకొస్తుంది." తీన్మార్ పోలిక మీద నాకు కోపం లేదు. తెలుగు పాఠకుడి చెవికి దారి చూపాలంటే తెలిసిన చప్పుడుతోనే మొదలుపెట్టాలి. కానీ అక్కడే ఆగిపోయావు. ఇది నోర్తెన్యో. మెక్సికో ఉత్తరపు సరిహద్దు వైపు సంగీతం. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్, బొహీమియన్ వలసదారుల వెంట అకార్డియన్, పోల్కా అనే నాట్యం అక్కడికి చేరాయి. తీన్మార్ నడక వేరు, పోల్కా నడక వేరు. కింద బాస్ 'ఢుం' అంటుంది, పైన గిటారు 'చ' అంటుంది. ఢుం-చ, ఢుం-చ, అంతే. బల్ల మీద చేత్తో కొట్టి చూడు, తేడా నీకే తెలుస్తుంది. దాని మీద గాయకుడు రూబెన్ అల్బర్రాన్ గొంతు ముక్కులోంచి సన్నగా, కాస్త ఎత్తిపొడుపుగా వస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళకు చిరాకు కూడా కలగవచ్చు. ఆ గొంతు గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. బ్యాండంతటిలో ముందుగా పట్టుకోవలసింది అదే కదా.

అసలు సంగతికి వస్తాను. 'ఇంగ్రాతా' అంటే కృతఘ్నురాలు. వదిలి వెళ్ళిన స్త్రీని మగవాడు నిందిస్తున్న పాట అది. చివరికి వచ్చేసరికి ఆమె మీద తుపాకీ పేలుస్తానంటాడు, ఆపైన ఆమె అంత్యక్రియలకు వస్తానంటాడు. రాంచెరా అనే పాత మెక్సికో పల్లెపాటల్లో గుండెలు బాదుకునే మగవాళ్ళ మీద వెటకారంగా కట్టిన పాట ఇది. 1994లో జనం నవ్వుకున్నారు, ఎగిరి గంతులేశారు. ఏళ్ళ తరబడి కచేరీల్లో వేలమంది గొంతు కలిపారు. తరువాత మెక్సికోలో స్త్రీల హత్యల మీద నిరసనలు పెరిగాయి, ఆ వెటకారం ఎవరికీ వినపడకుండా పోయింది, తుపాకీ మాత్రం వినపడుతూనే ఉంది. 2017లో ఆ పాట ఇక పాడబోమని బ్యాండే ప్రకటించింది. ఆ తరువాత కొలంబియా గాయని ఆండ్రియా ఎచెవెర్రితో కలిసి, మాటలు మార్చి మళ్ళీ పాడారు.

వాళ్ళు చేసింది తప్పా ఒప్పా అన్నది నువ్వు తేల్చుకో. వెటకారానికి కాలదోషం పట్టడం నాకు బాధే, అయినా పాడేవాడికి నోరు రాకపోతే పాడమనే హక్కు మనకెక్కడిది? కానీ తుపాకీ ఉన్న పాటను 'సరదా పాట' అనేసి ముందుకు పోయే వీలు నీకు లేదు. ఆ ఢుం-చ ఎంత హుషారుగా ఉందో, మాటలు అంత నిర్దయగా ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఉన్నది రాయి. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

నిన్ను దెప్పడానికి నాకు పెద్ద అర్హత లేదులే. ముప్పై ఏళ్ళ కిందట ఒక పత్రికలో ఒక విదేశీ పాటను 'తల్లి పాడే జోలపాట' అని రాశాను. రాగం మెత్తగా ఉంది, స్త్రీ గొంతు, మధ్యలో హమ్మింగ్. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ భాష వచ్చిన ఒక పాఠకుడు కార్డు రాశాడు. అందులో రెండే వాక్యాలు: అది అప్పులవాడిని తిట్టే పాట, మీ బిడ్డ ఎలా నిద్రపోయిందో తెలియడం లేదు. ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను.

భాష రాకపోవడం నేరం కాదు. మాటల అర్థం ఇద్దరు ముగ్గురిని అడుగు, నాలుగు అనువాదాలు పక్కపక్కన పెట్టుకో. అప్పటికీ తెలియని చోట చప్పుడు గురించి మాత్రమే రాయి. ఇదే ఆల్బమ్‌లో 'ఎల్ బైలె ఇ ఎల్ సలోన్'లో అర్థంలేని పలుకులు వస్తాయి చూడు, పపరుపపా అంటూ. అక్కడ నీకూ మెక్సికోవాడికీ తేడా లేదు. అక్కడ ధైర్యంగా రాయవచ్చు.

మొదటి పేజీన్నర బ్యాండ్ పుట్టుపూర్వోత్తరాలు. 1912లో మెక్సికో నగరంలో తెరిచిన కఫే దె తకూబా అనే హోటల్ పేరు వీళ్ళు పెట్టుకోవడం, చిక్కులు రాకుండా ఒక అక్షరం మార్చడం, సియుదాద్ సతేలితె అనే శివారు కాలనీ నుంచి రావడం, నిర్మాత గుస్తావో సాంతావొలాయా తరువాత రెండు ఆస్కార్లు గెలవడం. ఒక్క పేరాకు కుదించు. ఆస్కార్లు తీసెయ్యి, 1994లో ఆయన చేతిలో అవి లేవు. ఇవన్నీ చెబుతూ, వీళ్ళకు డ్రమ్మర్ లేడన్న మాటను మాత్రం కామాల మధ్య ఇరికించావు! అది కదా అసలు విషయం. రూబెన్ పాడతాడు, ఎమ్మాన్యుయెల్ దెల్ రెయాల్ కీబోర్డులు, అన్నదమ్ములు హొసేలో, కీకె రాన్హెల్‌లు గిటారు, బాస్. దరువు యంత్రానిది. కుర్చీలో కూర్చున్న డ్రమ్మర్‌కు తనదంటూ ఒక చెయ్యివాటం ఉంటుంది, ఏ పాటైనా అటే మొగ్గుతుంది. యంత్రానికి ఆ మొగ్గు లేదు. ఇరవై పాటలు ఇరవై దారుల్లో పోగలగడానికి సగం కారణం అదేనని నా అనుమానం. ఆ చెవితో మళ్ళీ విని, కాదనిపిస్తే నాతో పోట్లాడు.

ఇంకొకటి. "ఆనాటి రాజకీయ కల్లోలానికి అద్దం పట్టిన ఆల్బమ్" అన్నావు. 1994 జనవరి 1న అమెరికా, కెనడాలతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి రావడం, అదే రోజు దక్షిణాన చియాపాస్ రాష్ట్రంలో ఆదివాసీ హక్కుల కోసం జపాతిస్తాల సాయుధ తిరుగుబాటు, మార్చిలో అధ్యక్ష అభ్యర్థి కొలోసియో హత్య, డిసెంబరులో మెక్సికో కరెన్సీ పెసో కుప్పకూలడం, అన్నీ ఒకే గంపలో వేశావు. ఆల్బమ్ వచ్చింది జులైలో. డిసెంబరు పతనం జులైలోకి ఎలా దూరింది? పాటలు తయారయ్యే రోజులకు జనవరి సంగతులైనా ఎంత ఎక్కి ఉంటాయి? అద్దం పక్కన పెట్టి పాటలోకి వెళ్ళు. 'ఎల్ ఫిన్ దె లా ఇన్ఫాన్సియా' అంటే బాల్యం ముగింపు. బూరలు ఊదుతూ, ఊరి బ్యాండ్ మేళం మీద, మన అడుగు మనమే వేయగలమా అని అడుగుతుంది. పొరుగున అంత పెద్ద అమెరికా పెట్టుకున్న దేశంలో ఆ ప్రశ్నను రాక్ బ్యాండ్ ఊరి మేళంతో అడగడం చూడు. 'ఎల్ మెత్రో'లో ఒకడు మెట్రో ఎక్కి నెలల తరబడి బయటికి రాలేక భూమి కిందే బతుకుతుంటాడు. మెక్సికో నగరం గురించి నువ్వు రాసిన పేరా మొత్తం ఆ ఒక్క పాటలో ఉంది.

పేరు గురించి కూడా తడుముకున్నావు. పాశ్చాత్య స్వరాల్లో రె రెండోది, మన రి. స్పానిష్‌లో మాటకు ముందు చేరితే 'మళ్ళీ' అని అర్థం. ఇంతకు మించి లోతు వెతకకు.

'ఎల్ బోర్రెగో', అంటే గొర్రె, ఆ పాట పేరా మాత్రం ముట్టుకోవద్దు. నేను అరాచకవాదిని, నేను నియో-నాజీని, నేను పర్యావరణవాదిని, నేను శాంతివాదిని అంటూ అరిచే ఆ గొర్రెను 'గొర్రెదాటుకు గిటారు తగిలించినట్టు' అన్నావే, అది చదివి బస్సులో పైకే నవ్వాను. పక్కనున్నాయన అనుమానంగా చూశాడు.

రెండో పాట సరిచేసి పంపు. తొందరేమీ లేదు, పండుగ తరువాతైనా సరే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు