అప్పు, డయాలసిస్, పైన "విశ్వాసం చాల్లేదు" అన్న మాట: ఇలాంటప్పుడు దేవునికి ఇష్టంగా బతకడం ఎలా?

పొదిలి వైపు నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. వరసగా రెండేళ్లు పొగాకు దెబ్బ కొట్టింది. బయట అప్పు ఆరు లక్షలకు చేరింది. భర్తకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉపవాసాలు ఉన్నారు, మొక్కుకున్నారు. ఏమీ తగ్గలేదు. స్త్రీల కూడికలో ఒకరు "మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదమ్మా" అన్నారట. దేవుణ్ణి సంతోషపెట్టాలంటే ఇంకా ఏం చెయ్యాలి అని ఆమె అడుగుతున్నారు.

చెల్లెమ్మా, ముందు ఆ మాటను మనసులోంచి తీసెయ్యండి. అది వాక్యం కాదు. పౌలు తన తోటివాడు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే విడిచి వెళ్లాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపునొప్పి, తరచూ వచ్చే బలహీనతలు ఉంటే, వాటికి ఏం తీసుకోవాలో చెప్పాడే గానీ విశ్వాసం తక్కువైందని అనలేదు (1 తిమోతి 5:23). తన శరీరంలోని ముల్లు తియ్యమని తానే మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలు" అన్న జవాబే వచ్చింది. యోబు స్నేహితులు కూడా మీకు చెప్పినట్టే చెప్పారు: కష్టం వచ్చిందంటే నీలో ఏదో లోపం ఉంది అని. చివరికి దేవుని కోపం యోబు మీదికి రాలేదు, ఆ స్నేహితుల మీదికే వచ్చింది (యోబు 42:7).

విశ్వాసం లేకుండా దేవునికి ఇష్టులై ఉండడం అసాధ్యమని హెబ్రీ 11:6లో ఉంది, నిజమే. కానీ ఆ అధ్యాయం చివరి దాకా చదవాలి. 33వ వచనంలో విశ్వాసంతో సింహాల నోళ్లు మూయించిన వాళ్లున్నారు. రెండు వచనాలు దాటితే, అదే విశ్వాసంతో కొరడా దెబ్బలు తిన్నవాళ్లు, దిక్కులేక తిరిగినవాళ్లు కనిపిస్తారు. 39వ వచనం అందరినీ ఒకే వరసలో నిలబెట్టి, వీళ్లంతా విశ్వాసం ద్వారా మంచి సాక్ష్యం పొందారంటుంది. విడుదల వచ్చిందా లేదా అన్నది విశ్వాసానికి కొలత కాదు.

ఈ సంగతి మన ఒంగోలు ప్రాంతానికి కొత్త కూడా కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురే ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ బోధకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగిన వాళ్లకు మాత్రం కరువు సాగినంత కాలం ఇవ్వలేదు. తిండి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని ఆపాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం వేరు, విశ్వాసం వేరు అని మన పెద్దలకు ఆనాడే తెలుసు. ఆకలైతే పని ఇచ్చారు, విశ్వాసాన్ని దానికి ధరగా అడగలేదు. మీరు కూడా మీ ప్రార్థననూ ఉపవాసాన్నీ అప్పు తీరడానికి ధరగా లెక్కెయ్యకండి. అలా లెక్కేస్తే అప్పు తీరని ప్రతి నెలా దేవుడు మోసం చేసినట్టే అనిపిస్తుంది.

ఇక రోజూ చేయాల్సినవి. ప్రార్థనకు గంటలు పెట్టుకోవద్దు. ఆస్పత్రి, పొలం, పిల్లలు ఉన్న ఇంట్లో గంట ప్రార్థన నాలుగో రోజుకే ఆగిపోతుంది, ఆగాక తప్పు చేసినట్టు కుంగిపోతారు. పొద్దున పొయ్యి వెలిగించక ముందు పది నిమిషాలు, రాత్రి కుటుంబ ప్రార్థన పదిహేను నిమిషాలు చాలు. ఏడాదిలో బైబిలంతా ముగించే పట్టిక ఇప్పుడు వద్దు, రోజుకొక కీర్తన చదవండి. నోట మాట రాని రోజు 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండూ "ఎంతకాలం ప్రభువా" అన్న మొర. తర్వాతి రెండూ అడగడం. చివరి రెండూ నమ్మకం. ఈ మూడు మెట్లలోనే మీ మాటలు పెట్టండి: ఈరోజు నన్ను నలిపేస్తున్నది ఇది, నాకు కావాల్సింది ఇది, అయినా నిన్నే నమ్ముకున్నాను. మొదటి మెట్టు దాటేసి తిన్నగా స్తుతికి వెళ్లిపోతే పైకి భక్తిగానే ఉంటుంది, లోపల మాత్రం కోపం గడ్డకట్టి నెల తిరక్కుండా ప్రార్థనే చేదెక్కుతుంది. మూడో మెట్టు ఎక్కలేని రోజు 88వ కీర్తన చదవండి, అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు.

నిద్ర, తిండి కూడా భక్తిలో భాగమే. ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ముందు రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు (1 రాజులు 19). దేవుడు మాట్లాడింది ఆ తర్వాత. డయాలసిస్ రోజు పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు అదే రాత్రి జాగరణ ప్రార్థనకు కూర్చోనక్కర్లేదు.

జబ్బు విషయంలో మన సంఘాల్లో జరిగే పొరపాట్లు గట్టిగానే చెప్పాలి. స్వస్థత కూడికకు వెళ్లొచ్చాక మాత్రలు మానెయ్యడం, "ఈ వారం ప్రార్థన చేయించుకున్నాం" అని ఒక డయాలసిస్ ఎగ్గొట్టడం ప్రాణాంతకం. ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ఊపిరి ఆడక, గుండె లయ తప్పి ఆస్పత్రి చేరేలోపే చనిపోవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. పరామర్శకు వచ్చే విశ్వాసులు ప్రేమతో తెచ్చే కొబ్బరి బొండాలు, అరటిపండ్లు, బత్తాయిల్లో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మనిషికి అవే ముప్పు. "అన్నా, డాక్టరు వద్దన్నారు, పిల్లలకు ఇస్తాను" అని చెప్పి తీసుకోండి, ఎవరూ నొచ్చుకోరు. మీవారు ఉపవాసం ఉండకూడదు, షుగర్ ఉంటే అసలే కూడదు. ఆయన బదులు మీరు ఒక పూట ఉండండి, అదీ ఒంట్లో ఓపిక ఉంటేనే. నూనె రాసి ప్రార్థించడానికి యాకోబు 5:14 ప్రకారం సంఘపెద్దలను ఇంటికే పిలవండి. ప్రార్థన నూనె తాగించమంటే మాత్రం వద్దనండి. ఆదివారం డయాలసిస్ పడకుండా రోజులు మార్చమని సెంటర్లో అడగవచ్చు. కుదరకపోతే ప్రభువు బల్ల ఇంటికి తెమ్మని పాస్టరుగారిని అడగండి. అడగడం మీ హక్కే.

కానుకల సంగతి. దశమభాగం ఎగ్గొట్టినందుకే ఈ కష్టం అని భయపెట్టేవాళ్లు ఉంటారు. 2 కొరింథీ 8:12 చూడండి: ఒకరికి ఉన్నదాన్ని బట్టే అది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు. వడ్డీకి తెచ్చి కానుక వేయడం దేవునికి ఇచ్చినట్టు కాదు, అది వడ్డీ వ్యాపారి డబ్బు. అమ్మానాన్నలకు పెట్టాల్సింది "కొర్బాను" అని దేవునికి రాసిపెట్టిన వాళ్లను యేసుప్రభువు గద్దించాడు (మార్కు 7). ఆ లెక్కన కానుక కోసం మీవారి మందుల డబ్బు ముట్టుకోకూడదు. పది రూపాయలుంటే పది వేయండి, లేకపోతే చందా సంచిని పక్కవాళ్లకు అందించండి, సిగ్గుపడాల్సింది లేదు. కొత్త మొక్కుబడులు అసలు వద్దు. మొక్కుకోకపోతే పాపం లేదని ద్వితీయోపదేశం 23:22 చెబుతోంది. ఇప్పటికే మొక్కుకున్నది ఉంటే పాస్టరుగారితో చెప్పి, పంట వచ్చాక చెల్లిస్తానని గడువు అడగండి.

అప్పును దాచడం దానికన్నా పెద్ద అపాయం. ఒక నోటుబుక్కు తీసి ఎవరికి ఎంత, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, ఏం తాకట్టు, నోటు మీద సాక్షి ఎవరు అన్నీ రాయండి. మీవారి పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి రాయండి, రాశాక ప్రార్థన చెయ్యండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. రెండు లక్షలకు ఏడాదికి 72,000. అదే రెండు లక్షలు బ్యాంకులో బంగారం మీద తెస్తే సుమారు తొమ్మిది పది శాతం, అంటే ఇరవై వేల లోపు. ఇంట్లో ఉన్న నగ పెట్టి ముందు మూడు రూపాయల అప్పు తీర్చండి, గడువు రోజుకు వడ్డీ కట్టి రెన్యూవల్ చేసుకోండి, మరిస్తే నగ వేలానికి పోతుంది. పంట రుణం సకాలంలో కడితే మూడు లక్షల వరకు నాలుగు శాతమే పడుతుంది, దానికి కావాల్సిన కిసాన్ క్రెడిట్ కార్డు ఉందో లేదో చూసుకోండి. ఇవ్వాల్సిన వాళ్ల ఇంటికి మీరే వెళ్లి "ఈ నెల ఇంత, మిగతాది పొగాకు బేళ్లు (కట్టలు) అమ్మాక" అని చెప్పండి. తప్పించుకు తిరగడం, ఫోను కట్టేయడం సాక్ష్యాన్ని తినేస్తుంది. అప్పు ఉండడం అంత తినదు.

కష్టంలో ఎక్కువ జారేది పని దగ్గరే. బేలు మధ్యలో నాసి ఆకు, తడి ఆకు పెట్టి పైన మంచి ఆకు పేర్చడం, వేరేవాళ్ల బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) పేరు మీద మన కోటాకు మించిన పొగాకు తోయడం. వేలంలో పట్టుబడితే బేలు వెనక్కి వస్తుంది. పట్టుబడకపోయినా, దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1. ఆకు కొట్టడానికి వచ్చిన వాళ్ల కూలి వేలం డబ్బులు వచ్చేదాకా ఆపొద్దు. మీరెంత ఇరుకులో ఉన్నా వాళ్లింట్లో ఇంకా ఇరుకు. ఆ కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు 5:4 చెబుతోంది.

ఆదివారం క్యూరింగ్ (బ్యారన్‌లో మంట పెట్టి ఆకు ఆరబెట్టడం) గురించి కూడా చాలామంది కంగారుపడతారు. క్లౌ కాలంలో కొత్త విశ్వాసులకు పెట్టిన మూడు నియమాల్లో ఆదివారం పని మానడం ఒకటి, అది మన సంఘాల రక్తంలో ఉంది. కానీ బ్యారన్ ముట్టించాక మధ్యలో మంట ఆర్పితే ఈనెలోని తేమ ఆకులోకి దిగి నల్లగా చారలు పడతాయి, ఆ బ్యారన్ మొత్తం పోతుంది. బావిలో పడిన ఎద్దును విశ్రాంతిదినాన పైకి లాగరా అని ప్రభువే అడిగాడు (లూకా 14:5). కాబట్టి మంట చూసుకోండి, ఇద్దరూ వంతులేసుకుని ఒకరు ఆరాధనకు వెళ్లండి. ఆకు కొట్టడం, కర్రలకు కట్టడం మాత్రం సోమవారానికి పెట్టుకోవచ్చు. క్యూరింగ్‌కు ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది గనక, ఆకు ఎప్పుడు ఎక్కించాలో ముందే లెక్క చూసుకుంటే చాలా ఆదివారాలు తప్పించుకోవచ్చు.

సంఘంలో అందరికీ అన్నీ చెప్పక్కర్లేదు. కూడికలో "మా కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే రకరకాలుగా ఊహిస్తారు, సలహాలు కుప్పలు పడతాయి. నోరు మంచిదని మీకు తెలిసిన ఇద్దరు అక్కలను ఎంచుకుని, కచ్చితంగా అడగండి: మంగళవారం ఆయనతో ఆస్పత్రికి ఎవరైనా తోడు వస్తారా, నేను వచ్చేదాకా పిల్లలకు అన్నం పెడతారా, శుక్రవారం డాక్టరు చెప్పేది మంచి కబురు కావాలని ప్రార్థించండి. అలా అడిగితే సంఘం కదులుతుంది. "విశ్వాసం చాల్లేదు" అన్న ఆమెను కూడా విడిగా కలిసి, "అక్కా, ఆ మాట నన్ను బాగా నొప్పించింది, మీరు ప్రార్థిస్తే చాలు" అనండి. మత్తయి 18:15లో ప్రభువు చూపిన దారి అదే: ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా చెప్పడం. పదిమందిలో తిరిగి అంటే కూడిక రెండుగా చీలుతుంది.

ఆఖరుగా ఒకటి, దీన్ని వాయిదా వెయ్యొద్దు. డయాలసిస్, అప్పు రెండూ ఉన్న ఇళ్లలో మగవాళ్లు "నేను పోతే మీకు భారం తగ్గుతుంది" అంటుంటారు. అది ఉత్త నిరాశ మాట అని వదిలెయ్యకండి, భక్తి లేక అన్నాడని మందలించకండి. నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పెరగదు. పురుగుమందు డబ్బాలు అన్నదమ్ముల ఇంటికి తరలించండి. ఆయన్ను ఒంటరిగా ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చుండదు. డయాలసిస్ డాక్టరుకు కూడా చెప్పండి. పాస్టరుగారిని అదే రోజు ఇంటికి పిలిచి, ప్రసంగం చెయ్యకుండా ఆయన పక్కన కాసేపు కూర్చోమని ముందే చెప్పండి.