జో పలూకా లాబీ కార్డులకు అంత రేటెందుకు?

1946లో వచ్చిన 'జో పలూకా, చాంప్' సినిమా లాబీ కార్డులు (అప్పట్లో సినిమా హాల్లో ప్రచారానికి పెట్టిన బొమ్మల అట్టలు) కొనాలా వద్దా అని, ఎవరూ చూడని ఈ బాక్సింగ్ కామెడీకి అంత ధరేమిటని అడిగారు. అమెరికాలో ఉంటూ ఆ కాలపు చిన్న స్టూడియోల సరుకు పోగేసే పిచ్చి నాకూ ఉంది కాబట్టి చెబుతున్నాను.

సినిమా అయితే మామూలుదే. మోనోగ్రామ్ అనే చిన్న స్టూడియో వాళ్ళు తక్కువ ఖర్చులో చుట్టేశారు. హామ్ ఫిషర్ పత్రికల్లో గీసిన కామిక్‌లోని అమాయక బాక్సరే హీరో. ఆ వేషం కట్టిన జో కిర్క్‌వుడ్ జూనియర్ అసలు గోల్ఫ్ ఆటగాడు! నవ్వించే పనంతా మేనేజర్‌గా వేసిన లియాన్ ఎరోల్‌దే. నాకైతే ఆయన కోసమే మళ్ళీ చూడబుద్ధవుతుంది.

ధర పెరిగేది వేరేచోట. జో లూయిస్, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అందులో తాముగానే కనిపిస్తారు. అప్పటికి లూయిస్ హెవీవెయిట్ చాంపియన్. అదే ఏడాది జూన్‌లో యాంకీ స్టేడియంలో బిల్లీ కాన్‌ని ఎనిమిదో రౌండ్లో పడగొట్టాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చెప్పేదేముంది, 1938లో మూడు వెయిట్ల టైటిళ్ళూ ఒకేసారి చేతిలో పెట్టుకున్న మనిషి. దాంతో పాత సినిమాల వాళ్ళు, కామిక్స్ వాళ్ళు, బాక్సింగ్ వాళ్ళు ముగ్గురూ ఒకే కార్డు కోసం పోటీ పడతారు. వేలంలో నన్ను దాటిపోయేది ఎప్పుడూ ఆ మూడో రకమే. వాళ్ళకి సినిమా పేరుతో పనిలేదు.

కొనేముందు ఫ్రేమ్ విప్పించి కొలతలు అడగండి. లాబీ కార్డు 11x14 అంగుళాలు, మామూలుగా సెట్టుకు ఎనిమిది. ఆ రోజుల పోస్టర్లలో చాలావాటికి కింది అంచులో ఏడాది అంకె, గీత, నంబరు ఉంటాయి. ముందు 'ఆర్' అని ఉందంటే మళ్ళీ రిలీజైనప్పటిది. పెద్ద పోస్టరుకు మడత గీతలుంటే కంగారు పడకండి, అప్పట్లో మడిచే పంపేవాళ్ళు. నేనైతే మడతే లేని 1946 పోస్టరును అనుమానంగా రెండుసార్లు చూస్తాను. 16 ఎంఎం ప్రింటు (సినిమా రీలు) కూడా ఇస్తామంటే డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగర్ కంపు కొడితే ఫిల్మ్ కుళ్ళుతున్నట్టే, ఊరికే ఇచ్చినా వద్దు.

ఇంకో సంగతి. 1934లో జిమ్మీ డురాంటే నటించిన 'పలూకా' ఒకటుంది. అమ్మేవాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు, కిర్క్‌వుడ్ పేరు ఉందో లేదో చూసుకోండి.

మొత్తం సెట్టుకు డబ్బు పెట్టకండి. టైటిల్ కార్డు (సినిమా పేరు పెద్దగా ఉండేది), లూయిస్ మొహం ఉన్న కార్డేదైనా ఉంటే అదీ విడిగా ఇస్తారేమో అడగండి. ఇలాంటి సెట్లలో మిగతావన్నీ సోఫాలో కూర్చుని కబుర్లాడే సీన్లే.