మొండికేసిన ల్యాప్‌టాప్ గురించి అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ల్యాప్‌టాప్ రెండు మూడు రోజులకోసారి ఉన్నట్టుండి బిగుసుకుపోతోందనీ, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోందనీ, వీడియోల్లో చెప్పినవన్నీ చేసినా తగ్గలేదనీ రాశావు. నువ్వు చేసిన పనుల చిట్టా చూస్తే నాకు మిషన్ మీద కన్నా నీ మీదే జాలేసింది. ఒక్క సాయంత్రంలో డ్రైవర్లన్నీ (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రాములు) అప్‌డేట్ చేశావు, యాంటీవైరస్ మార్చావు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) క్లీనర్ ఒకటి వేశావు, పవర్ సెట్టింగులు కదిపావు. ఇప్పుడు తగ్గినా ఏ మందుకు తగ్గిందో తెలియదు. ముదిరితే దేనివల్ల ముదిరిందో అసలే తెలియదు.

అందుకని ఇవాళ్టికి ఇంకేమీ మార్చకు. ఆ క్లీనర్‌ను మాత్రం తీసిపారెయ్. రిజిస్ట్రీ క్లీనర్లు వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, వాటివల్ల బాగుపడిన కంప్యూటర్‌ను నేనూ చూడలేదు. తర్వాత నీ ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. డిస్కే పాడవుతూ ఉంటే, మనం పరీక్షలు చేస్తుండగానే అది చేతులెత్తేయొచ్చు.

ఇక అసలు పని. నిపుణులు కానివాళ్లం మనం "ఎందుకు ఇలా అవుతోంది" అనే ప్రశ్నతో మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. "ఎప్పుడు అవుతోంది" అని అడుగు. దానికి నీ దగ్గరే జవాబుంది, నా దగ్గర లేదు. ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఆగిపోయిన ప్రతిసారీ రాయి: టైమెంత, ఏం తెరిచి ఉంది, ఛార్జర్ పెట్టి ఉందా లేదా, స్లీప్ నుంచి అప్పుడే లేచిందా, వీడియో కాల్ నడుస్తోందా. ఎర్రర్‌తో నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వస్తే తొందరపడకుండా ఫోన్‌తో ఫొటో తీయి. అడుగున ఉండే స్టాప్ కోడే, అంటే ఆ ఎర్రర్ పేరే, మనకు కావలసింది.

బిగుసుకుపోయినప్పుడు పవర్ బటన్ మీదికి చెయ్యి పోనీయకు. ముందు క్యాప్స్ లాక్ నొక్కి, దాని లైటు వెలిగి ఆరుతోందా చూడు. లైటు స్పందిస్తే లోపల విండోస్ ఇంకా బతికే ఉందన్నమాట. ఏదో ప్రోగ్రామో, గ్రాఫిక్సో ఇరుక్కుని ఉంటుంది. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు. తెర ఒక్క క్షణం నల్లబడి, చిన్న బీప్ వచ్చి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దాంతో తెర కదిలితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను గట్టిగా అనుమానించొచ్చు. లైటు కూడా ఉలకక పలకక ఉంటే మొత్తం వ్యవస్థే ఆగినట్టు. డ్రైవరో, హార్డ్‌వేరో అయ్యే అవకాశం ఎక్కువ. ఈ తేడా కూడా నోట్‌బుక్‌లో పడాలి.

నువ్వు రాయకముందు సంగతులు కొన్ని విండోస్ తనే రాసి పెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. విస్టా కాలం నుంచీ ఉన్నా దీని సంగతి చాలామందికి తెలియదు. రోజులవారీ గ్రాఫ్‌లో ఎర్ర గుర్తులు ఆగిపోయిన సందర్భాలు, నీలం గుర్తులు అప్‌డేట్లు, ఇన్‌స్టాల్ చేసినవి. మొదటి ఎర్ర గుర్తు ఏ తేదీన పడిందో పట్టుకో. దానికి ఒకటి రెండు రోజుల ముందు ఏ నీలం గుర్తుందో చూడు. నాకు తెలిసినంతలో సగం చిక్కుముళ్లు ఇక్కడే వదులవుతాయి. అక్కడ ఏదైనా డ్రైవర్ కనబడితే డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కు, పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. అదొక్కటే చేసి, మామూలుగా ఆగిపోయే గడువుకు రెట్టింపు రోజులు ఆగు. నీది మూడు రోజులకోసారి వచ్చే జబ్బు కాబట్టి ఒక్కరోజు బాగుందని పండగ చేసుకోకు.

ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే ఎర్రర్ల చిట్టా) జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. శుభ్రంగా నడిచే కంప్యూటర్‌లోనూ అక్కడ ఎర్రర్లు బోలెడు ఉంటాయి. కెర్నల్ పవర్ 41 అని కనబడితే, మిషన్ సరిగ్గా షట్ డౌన్ కాకుండా మళ్లీ లేచిందని మాత్రమే దానర్థం, కారణం చెప్పదు. ఆ ఎర్రర్లనే చూపించి, ఫోన్‌లో భయపెట్టి డబ్బు గుంజే ముఠాలున్నాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. తెర మీద నంబరు కనబడిందంటే అది మోసమే.

రోజూ రాత్రి షట్ డౌన్ చేస్తున్నానని రాశావు కదా, అది సరిపోదు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) స్థితి డిస్క్ మీద దాచి ఉంచి, పొద్దున్నే దాన్నే తిరిగి తెస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద "అప్ టైమ్" చూడు. నిన్న రాత్రి ఆపిన మిషన్ వారం రోజుల లెక్క చూపిస్తుంటే సంగతి ఇదే. నిజంగా కొత్తగా లేవాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

ఇంకా తగ్గకపోతే క్లీన్ బూట్, అంటే వెనకాల నడిచే బయటి సర్వీసులేవీ లేకుండా విండోస్‌ను లేపడం. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, సర్వీసెస్‌లో ముందుగా "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" టిక్ పెట్టు. ఆ టిక్ లేకుండా ఏదీ ఆపకు. మిగిలినవి ఏవేవి ఆన్‌లో ఉన్నాయో ఫొటో తీసుకుని, అన్నీ ఆపి వాడి చూడు. జబ్బు పోతే దొంగ వాటిలోనే ఉన్నాడు. సగం ఆన్ చేసి చూడు, వస్తే ఆ సగంలో, లేకపోతే రెండో సగంలో. 16 సర్వీసులున్నా నాలుగు విడతల్లో తేలిపోతుంది. విసుగొస్తుంది, నిజమే, కానీ ఊహించి కొట్టడం కన్నా తొందరగా అవుతుంది.

అన్నీ ఆపినా, సేఫ్ మోడ్‌లో (కనీస అవసరాలతోనే విండోస్ లేచే పద్ధతి) కూడా ఆగిపోతుంటే అప్పుడు హార్డ్‌వేర్ వైపు చూడాలి. ర్యామ్ కోసం విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడుపు. ఫ్యాన్ శబ్దం, వేడి గమనించు. ఆ దశలో నోట్‌బుక్‌తో సహా రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లు. లక్షణాలు చెప్పు, రోగం పేరు నువ్వు పెట్టకు. చూడకుండానే విండోస్ మళ్లీ వేసేద్దాం అనేవాళ్లయితే వెనక్కి వచ్చేయ్. "రీసెట్ దిస్ పీసీ" నువ్వే చేసుకోగలవు. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే నీ ఫైళ్లు ఉంటాయి, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. అదీ చివర్లోనే.

ఒక్క జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉంటుంది. సేఫ్ మోడ్‌కో, రీసెట్‌కో వెళ్లేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. అది మామూలుగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్ నుంచి లాగిన్ అయి, ఆ కీ దొరికిందో లేదో ఇవాళే చూసి నాకు చెప్పు. దొరికేదాకా సేఫ్ మోడ్ ఊసెత్తకు.

ఆశీస్సులతో,
పెదనాన్న